కుర్చీ కాలి కింద రాయి

పోర్ట్ బ్లెయిర్ డాలీగంజ్‌లో లీదియా వాళ్ళు ఉండే సందులో చదునైన నేల చాపంత కూడా దొరకదు. కొండ వాలు మీద ఇళ్ళు కట్టుకున్నారు, ఆ తర్వాత బతుకంతా ఆ వాలుతోనే పేచీ. మంచం కోళ్ళ కింద ఇటుక ముక్కలు, నీళ్ళ డ్రమ్ము కింద చెక్క, గ్యాసు పొయ్యి కింద మడిచిన అట్ట. బండి ఉన్నవాళ్ళయితే చక్రం వెనక రాయి పెట్టనిదే ఇంట్లోకి అడుగు పెట్టరు. ఉప్పుగాలికి హ్యాండ్ బ్రేకు తీగలు తుప్పు పట్టిపోతాయి, వాటిని నమ్ముకుంటే అంతే సంగతులని ఆ సందులో చంటిపిల్లకి కూడా తెలుసు. బండి ఆగిన చప్పుడు వినగానే లోపల్నుంచి ఎవరో ఒకరు కేకేస్తారు, "రాయి పెట్టావా?" అని. మంచినీళ్ళు కావాలా అని అడిగేది ఆ తర్వాతే.

లీదియా పుట్టింది అదే ఊళ్ళో, జంగ్లీఘాట్‌లో. తాతల నాడు విశాఖపట్నం అవతలి ఊళ్ళ నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. ఆంధ్రదేశాన్ని ఆమె ఒక్కసారే చూసింది, పెద్దమ్మ కూతురి పెళ్ళికి వెళ్ళినప్పుడు. "అమ్మో, ఎంత చదునుగా ఉందో!" అని ఆశ్చర్యపోయింది. పెళ్ళయి ఈ సందులోకి వచ్చిన దగ్గర్నుంచి ఎక్కడమూ దిగడమూ తప్ప మామూలుగా నడిచింది లేదు.

మొగుడు ప్రసన్న కుమార్ దీవుల మధ్య తిరిగే బోటులో పనిచేస్తాడు. బోటు ఒడ్డుకు ఆనగానే మోకులు విసిరి కట్టేది ఆయనే. ఎక్కాడంటే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో సముద్రం చెప్పాలి. ఒక్కడే కొడుకు లాయిడ్, పెళ్ళీడు కుర్రాడు. మంచాన పడకపోయినా చెయ్యి పట్టుకోనిదే మెట్టు దిగలేని అత్తగారు ఎలీనా. వీళ్ళందరి మధ్యా లీదియా.

ఆమె ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర క్యాంటీన్‌లో పూరీలు చేస్తుంది. మొదటి బోటు జనం రాకముందే పిండి కలిపి ఉండాలి. టికెట్టు వరుసలో నిలబడి నిలబడి వచ్చినవాళ్ళకి ఆకలికంటే కోపం ఎక్కువగా ఉంటుంది. ఆ కోపమంతా పూరీ పొంగలేదని ఆమె మీద తీర్చుకుంటారు. అక్కడ్నుంచి ఆటో పట్టుకుని ఇల్లు చేరితే అత్తగారి స్నానం, వంట, బట్టలు, బుధవారమైతే చర్చిలో స్త్రీల సమాజం. కూర్చుంటే కునుకు వచ్చేస్తుంది. అన్నం పళ్ళెం ముందు కూర్చుని, ముద్ద కలిపి, అది నోటికందేలోగా నిద్రపోయిన రోజులు బోలెడు. "మీ అమ్మ ప్రార్థన చేసుకుంటంది, కదపకురా" అని అత్తగారు మనవడితో వేళాకోళమాడేది.

ఇలాంటి ఇంట్లోకి లాయిడ్ ఒక తెల్ల కారు తెచ్చాడు. ఎవరో వాడి వదిలేసిందే, అయితేనేం. ఇన్నాళ్ళూ వాళ్ళ వీళ్ళ బండ్లు తోలి టూరిస్టులను బీచీల చుట్టూ తిప్పినవాడు, ఇప్పుడు సొంత బండి తోలబోతున్నాడు. తుడిచిందే తుడుస్తూ దాని చుట్టూ తిరుగుతుంటే లీదియాకి కడుపు నిండిపోయింది. తన జన్మలో ఒక్కటన్నా ఒడ్డెక్కింది అనుకుంది.

ఆ సందులోని తెలుగు క్రైస్తవుల్లో ఒక అలవాటుంది. బండి కొంటే పాస్టరుగారు వచ్చి, దాని మీద చేతులుంచి ప్రార్థన చేశాకే రోడ్డెక్కిస్తారు. ఇంటివాళ్ళూ ఇరుగుపొరుగూ అందరూ బండిని ముట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒకేసారి గొంతెత్తి ప్రార్థిస్తారు. ఆ తర్వాత భోజనాలు. ప్రసన్న కుమార్ అప్పుడు నికోబార్ వైపు వెళ్ళి ఉన్నాడు. ఆయన వచ్చాక పెట్టుకుందామంటే లాయిడ్ ఆగేలా లేడు. శనివారం మధ్యాహ్నం పాస్టరు బాలస్వామి అయ్యగారు వస్తానన్నారు.

ఆ రోజు పొద్దున్నే లాయిడ్ స్నేహితులతో కలిసి కారును చేత్తోనే తోసుకుంటూ గేటు ముందుకు తెచ్చాడు. ముఖం ఎగువకు, వీపు దిగువకు. కడిగాడు, బంతిపూల దండ వేశాడు. గేరు న్యూట్రల్‌లోనే ఉండిపోయింది గాని, హ్యాండ్ బ్రేకు లాగాడు, వెనక చక్రం కింద రాయి పెట్టాడు. లీదియా క్యాంటీన్ నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా, పలావు డేగిసా ఎక్కించింది.

గేటు ముందు ఎండగా ఉందని అత్తగారికి కాస్త దిగువన, పక్కింటి కళ్యాణి వాళ్ళ జామచెట్టు నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. వాలు మీద ప్లాస్టిక్ కుర్చీ ఎలా నిలుస్తుంది? ఒక కాలు గాలిలోనే ఉంది.

"ఓలమ్మా లీదియా! ఈ కుర్చీ ఊగిపోతంది. పడ్డానంటే అందరూ నవ్విపోతారు. కింద ఏదైనా రాయి ఎట్టమ్మా" అని కేకేసింది ఎలీనా.

లీదియా గరిటె చేత్తోనే వచ్చింది. మనసంతా పలావు అడుగంటుతుందేమోనన్న దాని మీదే ఉంది. అటూ ఇటూ చూసింది. చేతికందే దూరంలో కనిపించిన రాయి ఒక్కటే, కారు చక్రం వెనకది. కాలితో జరిపి చూస్తే ఇట్టే జరిగింది, దాని మీద బరువేమీ ఆనుకుని లేదు. తీసుకెళ్ళి కుర్చీ కాలి కింద సర్దింది. అత్తగారు ఊగి చూసుకుని, "ఆఁ, ఇప్పుడు బాగుంది" అంది. లీదియా పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. ఆ రాయి అక్కడ ఎందుకుందో ఆ సందులో ఎవరికీ తెలియకపోయినా ఆమెకు తెలుసు. రోజూ కేకేసి అడిగే మనిషి తనే. అయినా ఆ క్షణంలో అది ఉత్త రాయిలాగే కనబడింది. ఒళ్ళు అంతగా హూనమయ్యాక బుర్ర ఎక్కడ పనిచేస్తుంది?

బాలస్వామి అయ్యగారి ప్రార్థన సంగతి ఊరందరికీ తెలుసు. లోకం పుట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క ఉపకారానికీ స్తుతులు చెప్పుకుంటూ బండి దాకా రావాలి. ఆ రోజూ అలాగే వచ్చారు. చివరికి, "అందరూ బండి మీద చేతులుంచండి, ఏకంగా ప్రార్థిద్దాం" అన్నారు. ఇరవై ముప్ఫై చేతులు బానెట్ మీదా తలుపుల మీదా పడ్డాయి. ముందు వరుస వాళ్ళు ఆవేశంగా వంగి మరీ ఆనారు. సందంతా ప్రార్థనతో దద్దరిల్లింది.

లీదియా వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక కన్ను ప్రార్థనకీ ఒక కన్ను డేగిసాకీ పంచి ఉంచింది. అందుకే కళ్ళు తెరిచి ఉన్నది ఆమె ఒక్కతే. కారు కదిలింది. మొదట చాలా మెల్లిగా, వెళ్ళనా వద్దా అన్నట్టు. "బండి! బండి!" అని ఆమె గొంతు చించుకుని అరిచింది. అంతమంది గొంతులెత్తి ప్రార్థిస్తుంటే ఒక్క గొంతు ఎవరికి వినబడుతుంది? కారు చేతుల కింద నుంచి జారి వెళ్ళిపోయింది. చేతులు గాలిలో అలాగే ఉన్నాయి, కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి. ఆ దృశ్యం తర్వాత ఎన్ని రోజులకీ ఆమెను వదల్లేదు.

దిగువన కుర్చీలో ఎలీనా కూడా కళ్ళు మూసుకునే ఉంది. కారు కుర్చీ అంచుకు తగిలి, ఆమెను పక్కకు పడేసి, కాలు తొక్కి, కళ్యాణి వాళ్ళ ప్రహరీ గోడను కూల్చి ఆగింది. అలాంటి చప్పుడు సందులో అంతవరకూ ఎవరూ వినలేదు.

అందరికన్నా ముందు లాయిడ్ ఉరికాడు. కుర్చీని లాగి అవతల పడేసి, మామ్మను రెండు చేతులా ఎత్తుకున్నాడు. లీదియా చేరేసరికి అత్తగారి ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. ప్రాణం ఉంది. తొడ ఎముక విరిగిందని ఆ తర్వాత ఆసుపత్రిలో చెప్పారు.

అంబులెన్సు వచ్చేలోగానే, గోడ కూలింది కాబట్టి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. కళ్యాణి మంచిది. "గోడే కదా, కట్టుకుంటాం. మా వాళ్ళే, కేసు గీసు ఏమీ వద్దు" అని అతనికి గట్టిగా చెప్పింది. కానిస్టేబుల్ లాయిడ్ వైపు తిరిగి, "గాడీ తేరీ హై? ఏమైంది?" అన్నాడు. లాయిడ్ తల వంచుకుని, "హ్యాండ్ బ్రేకు సరిగ్గా లాగలేదు సార్. రాయి పెట్టడం మర్చిపోయాను. తప్పు నాదే" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది లీదియాకి, గరిటె, కాలు, రాయి, అన్నీ. నోరు తెరిచింది. ఇంతలో అంబులెన్సు వాళ్ళు "సాథ్ మే కౌన్ ఆయేగా?" అని అరిచారు. తోడుగా ఆమె ఎక్కి కూర్చుంది. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

ఆ రోజు కాకపోతే మర్నాడు చెబుదామనుకుంది. మర్నాడు ఆపరేషను. ఆ తర్వాత రక్తం, మందులు, డ్యూటీ. తెల్లారకముందే క్యాంటీన్, అక్కడ్నుంచి ఆసుపత్రి, ఆసుపత్రి నుంచి ఇల్లు, ఇంటి నుంచి క్యారేజీతో మళ్ళీ ఆసుపత్రి. చెప్పాలని ప్రతిరోజూ అనుకుంది. చెప్పడానికి కూడా కాస్త ఓపిక కావాలి గదా. ఇంటికొచ్చి లాయిడ్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని "ఒరే నాన్నా" అని మొదలుపెట్టేలోగా కళ్ళు మూతలు పడేవి. మెలకువొచ్చేసరికి ఒంటి మీద దుప్పటి ఉండేది, లాయిడ్ ఉండేవాడు కాదు. ఇందులో అలసట ఎంతో, భయం ఎంతో ఆమెకే తెలియలేదు. అత్తగారి కాలు విరగ్గొట్టిన కోడలు అన్న మాట ఒకసారి సందులో పడిందంటే ఇక జన్మకి పోదు.

ప్రసన్న కుమార్ నికోబార్ నుంచి దిగి, కిట్టు సంచీతో నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. తల్లిని చూశాడు. బయటికొచ్చి వరండాలో కొడుకును నిలబెట్టాడు.

"ఎలా అయింది?"

"నా వల్లే డాడీ. రాయి పెట్టలేదు."

"ఓడ కట్టకుండా ఎవడైనా దిగిపోతాడురా? నా ఇంట్లో పుట్టి ఈమాత్రం నేర్చుకోలేదా? రేపు పరాయి వాళ్ళ పిల్లల్ని ఎక్కించుకుని తిప్పుతావా నువ్వు? తాళం ఇలా ఇయ్యి."

లాయిడ్ తాళం తీసి చేతిలో పెట్టాడు. ఆయన చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు. మళ్ళీ బోటెక్కేటప్పుడు తాళం కూడా ఆయనతో సముద్రం మీదకి వెళ్ళింది. గోడ మీంచి లాగిన కారు, వెనక సొట్ట పడి, గేటు పక్కన నిలబడిపోయింది. జంగ్లీఘాట్‌లో ఒకాయన దాన్ని ఎంతో కొంతకి తీసుకుంటానన్నాడట. తను బోటు దిగాక వచ్చే సోమవారం తీసుకుపోమని ప్రసన్న కుమార్ మాటిచ్చేశాడు.

బండి పోతే పోయింది. పోర్ట్ బ్లెయిర్ ఎంత ఊరని? సొంత మామ్మ మీదకి కారు వదిలినవాడన్న పేరొకటి లాయిడ్‌కి అప్పుడే వచ్చేసింది. ఇదివరకు పిలిచి బండిచ్చిన యజమానులు ఇప్పుడు ఫోనెత్తడం లేదు. ఆ పేరు అలా గట్టిపడిపోతే వాడు మళ్ళీ స్టీరింగు ముట్టుకునేది లేదు. వాడికి వచ్చిన పనీ, నచ్చిన పనీ అదొక్కటే. ఆ సోమవారం లోపు తను నోరు విప్పకపోతే కొడుకు బతుకు తన చేత్తో తీసేసినట్టేనని లీదియాకి స్పష్టంగా తెలుసు.

ఒక ఉదయం పూరీలు వత్తుతూ క్యాంటీన్ కిటికీలోంచి చూస్తే, ఎవరిదో ఇనప్పెట్టె నెత్తిన పెట్టుకుని జెట్టీ మీద నడుస్తున్నాడు లాయిడ్. కూలీల మధ్య కూలీగా. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. వాడు పెట్టె దింపి వెనక్కి వస్తుంటే కిటికీలోంచి పిలిచి టీ గ్లాసు అందించింది.

"ఇదేటిరా? నాకు చెప్పలేదేటి?"

"ఖాళీగా కూర్చుని ఏం చేయనమ్మా? ఏదో ఒక పని. టీ బాగుంది."

"లాయిడూ, నీకో మాట చెప్పాలి. ఆ రోజు..."

బోటు కూత వేసింది. "దీదీ, చార్ పూరీ జల్దీ! బోటు వెళ్ళిపోతుంది!" అని అవతల ఎవరో బల్ల గుద్దుతున్నారు. నూనె పొగ లేచింది. లాయిడ్ గ్లాసు కిటికీ మీద పెట్టి, "ఛోడ్ దో అమ్మా. ముందు వాళ్ళకి పెట్టు" అని వెళ్ళిపోయాడు.

ఆసుపత్రిలో అత్తగారు కూడా ఒకసారి మొదలుపెట్టింది. లీదియా ఆమె జుట్టు దువ్వుతుంటే, గోడవైపు చూస్తూ, "లీదియా, ఆ రోజు ఆ రాయి..." అంది. దువ్వెన ఆగింది. "పడుకోండి అత్తమ్మా, డాక్టరు కదలొద్దన్నాడు" అంది లీదియా. ముసలామె పడుకుంది. దువ్వెన మళ్ళీ కదిలింది. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ జడ వేయడం మీదే శ్రద్ధ పెట్టారు.

ఎలీనా ఇంటికొచ్చాక ఆదివారం సాయంత్రం కృతజ్ఞత ప్రార్థన పెట్టారు. ప్రసన్న కుమార్ బోటు కూడా ఆ ముందురోజే వచ్చింది. మంచం ముందుగదిలో వేసి, కోళ్ళ కింద ఇటుకలు సర్ది, ఊగడం లేదని ఇద్దరు ముగ్గురు నొక్కి చూశారు. ఆ పనిలో లీదియా చెయ్యి పెట్టలేదు. బాలస్వామి అయ్యగారు ఎందుకో ఈసారి ప్రార్థన చిన్నదిగా చేశారు. అదీ గాక అయ్యగారితో సహా ఎవరూ పూర్తిగా కళ్ళు మూసుకోలేదు. ఒక కన్ను మూస్తే రెండోది కాపలా కాస్తోంది. ఇంకోరోజైతే లీదియా నవ్వుకునేది.

"సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే లేవండి" అన్నారు అయ్యగారు. దేవుడు చేసిన మేలు నలుగురిలో నిలబడి చెప్పుకోవడం వాళ్ళ పద్ధతి.

లాయిడ్ లేచాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. "నా అజాగ్రత్త వల్ల మా మామ్మకి ఇలా అయింది. దేవుడు ప్రాణం కాపాడాడు. మామ్మా, డాడీ, అందరూ నన్ను క్షమించాలి. రేపట్నుంచి ఆ బండి మన ఇంటి ముందు ఉండదు. అంతే" అన్నాడు.

"ఆమెన్" అన్నారు కొందరు. ప్రసన్న కుమార్ తల ఊపాడు.

లీదియా గుమ్మంలో టీ కప్పుల పళ్ళెంతో నిలబడి ఉంది. ఆ "ఆమెన్" ఆమెకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. పళ్ళెం ఎవరి చేతిలో పెట్టిందో కూడా చూసుకోలేదు.

"నేను చెప్పాలి" అంది. "వాడు రాయి పెట్టాడు. నేను తీశాను. అత్తమ్మ కుర్చీ ఊగుతోందంటే, పలావు మాడుతోందన్న తొందరలో, చక్రం వెనక రాయి తీసి కుర్చీ కింద పెట్టాను. ఎందుకుందో తెలిసీ తీశాను. ఇన్నాళ్ళూ చెప్పలేదు. అలిసిపోయానని నాకు నేను చెప్పుకున్నాను. నిజమే, అలిసిపోయాను. అయినా చెప్పాల్సింది."

ప్రసన్న కుమార్ లేచాడు. మొగుడి ముఖంలో తుఫాను కట్టడం ఆమెకు కొత్త కాదు. "ఏటీ? కన్నకొడుకు నెత్తిన పెట్టి ఇన్నాళ్ళూ..." అని ఆయన అందుకునేలోగా మంచం మీద నుంచి ముసలామె చేతికర్రతో ఇటుక మీద టంగుమని కొట్టింది.

"కూర్చోరా! అడిగింది నేను. కుర్చీ ఊగితే లేచి నిలబడొచ్చు నేను, నలుగురిలో దర్జాగా కూర్చోవాలని రాయి ఎట్టమన్నాను. ఆ రాయి ఎక్కడిదో కూర్చున్నదాన్ని నాకు కనపడదా? చూస్తూ ఊరుకున్నాను. కోడలు తెల్లారకముందు లేచింది ఆ రోజు, నువ్వెక్కడున్నావు? అది ఒక్కర్తీ ఎన్ని చూస్తది? అరవాలనుంటే నా మీద అరవరా."

ప్రసన్న కుమార్ కూర్చున్నాడు. చెయ్యి చొక్కా జేబులోని తాళం మీదకి వెళ్ళింది. బాలస్వామి అయ్యగారు ఏదో అనబోయి, మానేసి, కీర్తన అందుకున్నారు. ఎప్పుడూ ముందు పాడే లీదియా గుమ్మంలోనే కూర్చుండిపోయింది. అవమానంగానే ఉంది. అయినా చాలా రోజుల తర్వాత ఊపిరి కడుపు దాకా వెళ్ళింది.

అందరూ వెళ్ళాక పెరట్లో కప్పులు కడుగుతుంటే లాయిడ్ వచ్చి పక్కన కూర్చుని తొలవడం మొదలుపెట్టాడు.

"నాకు తెలుసమ్మా" అన్నాడు.

"ఏటి తెలుసు?"

"ఆ రోజే చూశాను. మామ్మని ఎత్తడానికి కుర్చీ లాగితే కింద రాయి ఉంది. మన రాయే, నేను పెట్టిందే. మామ్మ కుర్చీ సర్దేది నువ్వు తప్ప ఇంకెవరు? ఎవరైనా చూస్తారని కళ్యాణి ఆంటీ వాళ్ళ మందారాల్లోకి విసిరేశాను."

లీదియా చేతిలో కప్పు నీళ్ళలోకి జారింది. "మరి చెప్పలేదేటిరా? నన్ను అడగలేదేటి?"

"మొదట నువ్వే చెప్తావనుకున్నాను. రెండు మూడు రోజులు చూశాను. నిజం చెప్తున్నా, కోపం కూడా వచ్చింది. తర్వాత ఒక రోజు ఇంటికొస్తే, పళ్ళెం ముందు కూర్చుని నిద్రపోతున్నావు. ముద్ద చేతిలో అలాగే ఎండిపోయి ఉంది. చెయ్యి కడిగి, చాప మీద పడుకోబెట్టాను. నీకు తెలివి రాలేదు. ఇంక అడగబుద్ధి కాలేదు. నీకు ఇప్పటికే ఎక్కువైపోయింది, ఇదొకటి నేను మోస్తే ఏమైందిలే అనుకున్నాను."

ఆమెకు ఏడుపు రావాలి. కోపం వచ్చింది. తడి చేత్తోనే వాడి వీపు మీద ఒకటి చరిచింది.

"మోస్తాడట! నా బరువు నువ్వు మోస్తుంటే చూడ్డం నాకు ఇంకో బరువు కాదట్రా? ఆ ఇనప్పెట్టె నీ నెత్తిన కాదురా ఉంది, ఇక్కడుంది" అని గుండె మీద కొట్టుకుంది. అప్పుడొచ్చింది ఏడుపు. వాడు కప్పులన్నీ కడగడం పూర్తిచేసే దాకా ఏడుస్తూనే ఉంది. వాడు ఊరుకోమనలేదు.

మర్నాడు తెల్లవారుజామున లేచి చూస్తే పొయ్యి గట్టు మీద, రోజూ అగ్గిపెట్టె ఉండే చోట, కారు తాళం ఉంది. ప్రసన్న కుమార్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోవడం లేదని ఊపిరిని బట్టే తెలుస్తోంది. జంగ్లీఘాట్ ఆయనకి ఫోను చేసి వద్దని చెప్పే పని మొగుడిదే, చేసుకుంటాడు.

బయట లాయిడ్ కారు అద్దం తుడుస్తున్నాడు. వెనక చక్రం కింద రాయి ఉంది, ఎప్పటి రాయే. మందారాల్లో వెతికి తెచ్చినట్టున్నాడు, మన్ను ఇంకా అంటుకునే ఉంది.

"ఎక్కమ్మా. జెట్టీ దగ్గర దింపుతాను."

ఇన్నేళ్ళలో ఆమెను పనిలో దింపుతానన్నవాళ్ళు లేరు. కొంగు నడుముకు దోపుకుని తలుపు దగ్గరికి వెళ్ళబోయింది. లాయిడ్ అప్పటికే లోపల కూర్చుని ఇంజను స్టార్టు చేశాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, మామూలుగా, రోజూ అడిగే మాటలాగే అన్నాడు.

"అమ్మా, రాయి తియ్యి."

లీదియా అక్కడే ఆగిపోయింది. చక్రం వైపు చూసింది. దిగువన జామచెట్టు కింద ఎవరూ లేరు, కళ్యాణి వాళ్ళ గోడ కొత్త సిమెంటుతో తెల్లగా ఉంది. అయినా చెయ్యి ముందుకు రాలేదు. "నువ్వే దిగి తీసుకోరా" అంది.

"నేను దిగితే బ్రేకు ఎవరు తొక్కుతారు? నా కాలు బ్రేకు మీదే ఉంది. తియ్యమ్మా."

లోపల మంచం మీద నుంచి ముసలి గొంతు కేకేసింది. "ఏటే, ఇంకా బయల్దేరలేదా? బోటు వెళ్ళిపోదూ?"

లీదియా వంగింది. రెండు చేతులతో రాయి పట్టుకుని లాగింది. కారు కదల్లేదు. వాడు అద్దంలోంచి ఆమెనే చూస్తున్నాడు. ఆమె వచ్చి ముందు సీట్లో కూర్చుంది. ఫీనిక్స్ బే దగ్గర నేల చదును, అక్కడ రాయితో పనిలేదు. అయినా కింద పెట్టబుద్ధి కాక ఒళ్ళోనే పెట్టుకుంది. కారు సందు మలుపు తిరిగే సరికే నిద్రపోయింది.